గొంతు నొప్పి, చెవి పోటు

మా పెద్దమ్మ పొద్దున్నే కాఫీ గుటక వేసేటప్పుడు కుడిచెవిని అరచేత్తో అదుముకునేది. "చెవిపోటురా, చుక్కల మందు తెచ్చిపెట్టు" అనేది. నెల రోజులు చుక్కలు వేశాం. చివరికి డాక్టరు చూస్తే చెవి శుభ్రంగా ఉంది, బాధంతా గొంతులో ఉంది.

గొంతుకూ నడిమి చెవికీ కొమ్మలు వేసే నరం ఒకటే. మెదడు నుంచి వచ్చే జతల్లో అది తొమ్మిదోది. అందుకే టాన్సిల్ వాచినా నొప్పి చెవిలో పలుకుతుంది. జలుబుకు ముక్కు వెనక గొట్టం మూసుకుపోతే చెవి దిబ్బడ వేస్తుంది. పొద్దుపోయి తిని వెంటనే పడుకుంటే కడుపులోని పులుపు పైకి ఎగదన్ని గొంతు మండుతుంది. జ్ఞానదంతం, దవడ కీలు కూడా ఇలాగే ఏమారుస్తాయి.

మామూలు వైరస్ నొప్పి సాధారణంగా వారంలో తగ్గుతుంది. ఉప్పునీళ్లు పుక్కిలిస్తే కాస్త హాయి. కానీ మూడు వారాలైనా తగ్గకపోయినా, నొప్పి ఒకవైపే ఉన్నా, గొంతు బొంగురుపోయినా, మెడలో గడ్డ తగిలినా చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఊపిరి ఆడకపోయినా, ఉమ్మి కూడా మింగలేకపోయినా ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి. చుట్ట, గుట్కా, ఖైనీ అలవాటున్నవారు అసలు ఆలస్యం చేయకూడదు. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లుంటారు. మా పెద్దమ్మా తాగేది. పరాయి మగాడి ముందు నోరెలా తెరవనని సిగ్గుపడే, ఆ నెలంతా చెవి పేరు చెప్పింది.