లోపల బుడగ ఉందని చెప్పాలా?

“పైన పటారం, లోన లొటారం” అని మా అవ్వ తరచూ అంటుంది. సంతలో తెచ్చిన నిగనిగలాడే వంకాయ కోస్తే పురుగు కనిపించినా ఇదే మాట. చిన్నప్పుడు ఆ మాట వింటే నవ్వుకునేదాన్ని. పోయిన డిసెంబరు సెలవుల్లో అది నాకే తగిలింది. అప్పటినుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. మనం చేసిన వస్తువులో పైకి కనపడని లోపం ఉంది. అది మనకొక్కరికే తెలుసు. ఎదుటివాళ్ళు అడగలేదు. అప్పుడు ఊరుకోవడం అబద్ధమవుతుందా?

జరిగింది చెప్తాను. మాది హోసూరు. మా మామకు చిన్న లేత్ షెడ్డు ఉంది. వారమంతా కంపెనీలకు ఇనుప సామాన్లు చేస్తాడు. ఆదివారం సరదాకు పెన్నులు చేస్తాడు. స్వదేశీ ఉద్యమం రోజుల్లో రాజమండ్రిలో కె.వి. రత్నం గారు పెన్నులు చేశారని, 1935లో గాంధీజీ ఆయనకు ఉత్తరం కూడా రాశారని మామే నాకు చెప్పాడు. ఆ పెన్నులను ఎబొనైట్ కడ్డీతో లేత్ మీద చేస్తారట. మా తాతకు అలాంటి సిరా పెన్ను ఒకటి చేసివ్వాలని మామ ఆశ. తాత ఇప్పటికీ పాల లెక్క తెలుగులోనే, సిరా పెన్నుతోనే రాస్తాడు. “కడ్డీకి బదులు రెజిన్ దిమ్మె పెడదాం. అది నువ్వు పోసియ్యి పాపా” అని మామ నాకు పని ఒప్పజెప్పాడు.

మామ పాత ప్లాస్టిక్ చాపింగ్ బోర్డును కోసి, స్క్రూలు బిగించి అచ్చు చేశాడు. ఆ ప్లాస్టిక్‌కు రెజిన్ అంటుకోదు. అచ్చు లోపల 6 అంగుళాల పొడవు, 1 అంగుళం వెడల్పు, 1 అంగుళం లోతు. సందుల్లో కొవ్వొత్తి మైనం పూశాం. ఎపాక్సీ రెండు సీసాల్లో వస్తుంది. ఒకటి రెజిన్, ఇంకొకటి హార్డెనర్. మా సీసా మీద తూకంలో 2 పాళ్ళకు 1 పాలు అని రాసి ఉంది. హార్డెనర్ ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందని అనుకున్నాను. అలా కాదట. కొలత తప్పితే దిమ్మె మెత్తగా మిగిలిపోతుందట. గట్టిపడని రెజిన్ ఒంటికి తగిలితే దద్దుర్లు రావచ్చు కాబట్టి గ్లౌజులు వేసుకుని, గాలి ఆడే మిద్దె మీద పని చేశాం.

మా ఊరి చలికి రెజిన్ తేనెలా చిక్కబడింది. సీసాను గోరువెచ్చని నీళ్ళలో కాసేపు పెట్టి, తర్వాత నిదానంగా కలపమని మామ చెప్పాడు. నేను వినలేదు. మజ్జిగ చిలికినట్టు గబగబా కలిపేశాను. 24 గంటల తర్వాత అచ్చు విప్పితే, గాజులాంటి దిమ్మె నిండా బుడగలే! సోడా గడ్డకట్టినట్టుంది. సిగ్గేసింది. రెండోసారి కూడా అదే తొందర. కానీ ఈసారి ముదురు నీలం రంగు కలిపాను. మరుసటి రోజు దిమ్మె నేరేడు పండులా మెరిసింది. ఒక్క బుడగ కూడా కనపడలేదు. పోసేటప్పుడు నేను చూశాను గదా, లోపల ఉన్నాయని నాకు తెలుసు. “భలే వచ్చిందే పాపా!” అన్నాడు మామ. నేను నోరు మెదపలేదు.

లేత్ తిరిగింది. టూలు ఆనించిన కాసేపటికి టప్పుమని దిమ్మె విరిగి, ఒక ముక్క ఎగిరి మామ కళ్ళద్దానికి తగిలింది. అద్దం మీద గీత పడింది. ఆ అద్దం పెట్టుకోకుంటే? నా చేతులు వణికాయి. ఏడుస్తూ అంతా చెప్పేశాను. మామ తిట్టలేదు. “ముందే చెప్పింటే టూలు సానబట్టి, రవ్వంత రవ్వంత కోసుకుంటా ఉంటిని గదా పాపా” అన్నాడు. తిట్టింటే మరిచిపోయేదాన్నేమో. ఈ మాట మరువలేకపోతున్నాను.

నా తరపున నేను చాలా వాదించుకున్నాను. నేను అబద్ధం ఆడలేదు. మామ అడగలేదు. రంగు వేయడం తప్పు కాదు. నిజమే, రంగు తప్పు కాదు. నీలం నచ్చి వేసుంటే అది అందం. బుడగలు కప్పడానికి వేశాను కాబట్టి అది ముసుగు. రంగు అదే, డబ్బా అదే. మారింది నా మనసు.

మరి ప్రతి లోపం చెప్పాలా? గౌను లోపలి కుట్టు వంకరగా ఉందని ఊరంతా చాటాలా? అక్కర్లేదు. తెలియక మిగిలిన లోపం మోసం కూడా కాదు. కానీ మన లోపం మీద ఇంకొకరి కన్నో, చెయ్యో, డబ్బో ఆధారపడి ఉంటే చెప్పి తీరాలని నాకు అనిపిస్తుంది. నేను మామ దగ్గర దాచింది బుడగలను మాత్రమే కాదు. జాగ్రత్త పడే అవకాశాన్ని కూడా దాచాను. చెప్పిన లోపంతో ఎలాగో పని జరుపుకోవచ్చు. దాచిన లోపం ఎప్పుడు ఎగిరి ఎవరికి తగులుతుందో తెలియదు.

మిత్రులారా, ఇది లేత్ షెడ్డులోనే జరుగుతుందా? లెక్కల పాఠం అయ్యాక సార్ “అర్థమైందా?” అంటారు. అందరం “అయింది సార్!” అంటాం. నేనూ అంటాను. అది కూడా నీలం రంగే. సార్ మనల్ని నమ్మి తర్వాతి పాఠానికి పోతారు. పరీక్ష రోజు బుడగ పగులుతుంది. నవ్వుతారనే భయంతోనే కదా మనం దాస్తాం! ఆ భయం నాకు ఇంకా పూర్తిగా పోలేదు. కానీ ఈ మధ్య ఒకటి రెండుసార్లు చెయ్యెత్తి “కాలేదు సార్” అన్నాను.

మూడో దిమ్మెకు సీసాను వెచ్చని నీళ్ళలో పెట్టాను. 5 నిమిషాలు నిదానంగా కలిపి, సన్నని ధారగా పోశాను. అయినా ఒక చివర రెండు బుడగలు మిగిలాయి. అక్కడ మార్కర్‌తో గుర్తు పెట్టి మామకు ఇచ్చాను. మామ ఆ చోట గమ్ నింపి, మెల్లగా కోసి, నున్నగా పాలిష్ పట్టాడు.

ఆ పెన్ను ఇప్పుడు తాత జేబులో ఉంది. మూత దగ్గర చిన్న చుక్క కనిపిస్తుంది. “ఇదేమి పాపా?” అని తాత బొటనవేలితో తడిమాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తాత “సరే” అని, మూత తీసి, ఆ రోజు పాల లెక్క రాసుకున్నాడు.