ఏడు ఆకాశాలు - గాలి పొరలు

ఖుర్ఆన్ తెలిపిన ఏడు ఆకాశాలంటే భూమి చుట్టూ ఉన్న ఏడు గాలి పొరలేనని, సైన్సు కూడా దీన్ని ఒప్పుకుందని మన యువకులు కొందరు ఎంతో సంతోషంగా చెబుతుంటారు. వారి ఉత్సాహాన్ని మేము తప్పుపట్టము. కాని దైవవాక్కుకు అర్థం చెప్పడం ఒక అమానత్. అక్కడ ఉత్సాహం ఒక్కటే సరిపోదు.

శాస్త్రజ్ఞులు ఉష్ణోగ్రత మార్పులను బట్టి వాతావరణాన్ని ఐదు పొరలుగా విభజించారు: ట్రోపో, స్ట్రాటో, మీసో, థర్మో, ఎక్సో ఆవరణాలు. ఏడు లెక్క కుదరాలని కొందరు ఓజోన్ పొరను, అయనో ఆవరణాన్ని వేరుగా కలుపుతారు. ఓజోన్ ఉన్నది ప్రధానంగా స్ట్రాటో ఆవరణంలోనే. అయనో ఆవరణం కూడా పై పొరలలో కలిసి ఉన్నదే. ఇంట్లోని గదిని మరో ఇల్లుగా లెక్కబెట్టడం లాంటిది ఇది!

పైగా ఈ విభజన మానవులు చేసుకున్నది. పైకి వెళ్లేకొద్దీ చలి పెరుగుతూనే పోతుందని ఒకప్పుడు అనుకునేవారు. సుమారు 11 కిలోమీటర్ల పైన అది ఆగిపోతుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తీస్రాంక్ ద బోర్ బెలూన్లు ఎగురవేసి 1902లో ప్రకటించాడు. మారే లెక్కకు మారని వాక్కును ముడిపెట్టడమెందుకు?

సమీప ఆకాశాన్ని దీపాలతో అలంకరించినట్లు సూరా ముల్క్‌లో అల్లాహ్ తెలిపాడు. మనకు అన్నిటికన్నా దగ్గరి నక్షత్రమైన సూర్యుడే 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మేరాజ్ రాత్రి దైవప్రవక్త (సఅసం) కోసం ప్రతి ఆకాశ ద్వారాన్నీ తెరవమని జిబ్రీల్ (అలై) అడిగారని బుఖారీ, ముస్లిం హదీసులలో ఉంది. ఉత్తర ధ్రువం మీదుగా పోయే విమానాలు రోజూ స్ట్రాటో ఆవరణంలో ఎగురుతున్నాయి. ఏ పైలట్టూ తలుపు తట్టలేదే!

అయితే గాలి పొరలలో సూచనలు లేవని కాదు. సూరా అంబియాలో ఆకాశాన్ని సురక్షితమైన కప్పు అన్నాడు అల్లాహ్. ఓజోన్ హానికర కిరణాలను ఆపడం, ఉల్కలు ఎక్కువగా మీసో ఆవరణంలోనే కాలిపోవడం ఆ రక్షణలో మన కళ్లకు కనిపించే కొంత భాగమని అనుకోవచ్చు. ఇంతే దాని భావమని మాత్రం అనరాదు.

ఆ ఓజోన్‌కు అంటార్కిటికాపై చిల్లు పడుతోందని 1985లో బయటపడింది. ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడిన రసాయనాలే కారణం. 1987 మాంట్రియల్ ఒప్పందంతో వాటిని క్రమంగా ఆపేశారు. ఆ పొర మెల్లగా కోలుకుంటోంది. పాత ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే మన సోదరులు మిగిలిన గ్యాసును గాలిలోకి వదిలేయకుండా సిలిండర్‌లోకి పట్టడం కూడా ఈ అమానత్‌లోనిదే.