వెల్లంపల్లికి ముందు

ప్రభువునందు ప్రియమైన బాబుకు,

బాప్తిస్మం పుచ్చుకుని రెండేళ్ళు దాటినా నీలో ఫలం కనబడడం లేదని, యవ్వనస్థుల కూడికలో మిగతావాళ్ళ సాక్ష్యాలు వింటుంటే తల ఎత్తలేకపోతున్నావని రాశావు. దానికి జవాబుగా ఒంగోలు సంగతి చెబుతాను. నీకు తెలిసిందే, కానీ మనవాళ్ళు దాన్ని ఆ పెద్ద బాప్తిస్మాల రోజు నుంచే మొదలుపెడతారు.

ఆ రోజు 1878 జూలై 3. ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ నీళ్ళలో ఆ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చింది తెలుగు బోధకులే. ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకున్నారు. మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ తన చేతులతో ఒక్కరికి కూడా ఇవ్వలేదు.

ఈ అంకె ఎంతోమంది ప్రసంగాల్లోకి ఎక్కింది. దాని ముందటి 15 నెలల గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది ధాత కరువు కాలం. తిండి లేక పల్లెలకు పల్లెలు కదిలిపోతుంటే క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. పని మధ్యలో జనం కూర్చున్నప్పుడు వాక్యం చెప్పారు. బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులు గుంపులుగా అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూటి కోసం వచ్చినవాడెవడో, క్రీస్తు కోసం వచ్చినవాడెవడో కరువు తీరితేగాని తెలియదని ఆగాడు. మిషన్ చరిత్ర అంతటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ ఆగడమే. వచ్చేవాళ్ళను లెక్కలో వేసుకోవడం సులభం. వాళ్ళ మేలు కోరి ఆపడానికి చాలా నిబ్బరం కావాలి.

ఇంకా వెనక్కి వెళ్ళు. మిషనరీ శామ్యూల్ డే 1836లో మన తీరానికి వచ్చాడు, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళు గడిచినా విశ్వాసుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 1853లో అమెరికాలోని మిషన్ పెద్దలు ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని కూర్చుని చర్చించారు. 1862లో మళ్ళీ అదే మాట. అప్పుడు మిషనరీ లైమన్ జూయెట్ తాను ఒంటరిగానైనా తిరిగి వెళ్తానని పట్టుబట్టాడు. అదే జూయెట్ 1854 జనవరి 1న తెల్లవారకముందే భార్యతో, నాగమ్మ, జూలియా, రూతు అనే నెల్లూరు విశ్వాసురాళ్ళతో ఒంగోలు కొండెక్కి ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించాడు. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు! ఆ ఏళ్ళలో ఎవరైనా జూయెట్‌ను నీ ఫలం చూపించమని అడిగి ఉంటే ఏం చూపించగలిగేవాడు?

యోహాను 15వ అధ్యాయం మళ్ళీ చదువు. తీగెకు అక్కడ అప్పగించిన పని ద్రాక్షావల్లిలో నిలిచి ఉండడం. గుత్తులు లెక్కపెట్టుకోమని ఎక్కడా లేదు.

ఇక తాళ్ళకొండపాడు పేరయ్య. తోళ్ళ వ్యాపారి, మాదిగ, చదువు లేనివాడు. చాలాకాలం యోగ మార్గంలో సత్యం వెతికాడు. 1866లో బాప్తిస్మం పొంది ఊరికి వెళ్ళి, తనకు తెలిసిన కాస్తనే చుట్టుపక్కల పల్లెల్లో చెప్పడం మొదలుపెట్టాడు. 1867 జనవరిలో క్లౌ అక్కడికి వెళ్ళేసరికి మనుషులు సిద్ధంగా ఉన్నారు. 28 మంది బాప్తిస్మం పొందారు. ఒంగోలు సంఘం అదే నెల మొదటి తేదీన మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిదిమందే.

ఆ పల్లెవాళ్ళకు క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని మానాలి, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ కోతల రోజుల్లో ఆదివారం పొలానికి రానంటే ఆసామి ఊరుకుంటాడా? జాతరలో డప్పు కొట్టనంటే ఊరి పెద్దలు ఊరుకుంటారా? వాళ్ళ ఎదుగుదలకు పరీక్ష అక్కడ జరిగింది, పొలం గట్టు మీద, జాతర మైదానంలో. నీకూ అలాంటి చోట్లే ఉంటాయి, బాబూ. గలతీ పత్రికలోని ఆత్మఫలాన్ని స్టేజీ మీద వెతకకు. ఆఫీసులో దొంగ బిల్లు మీద సంతకం పెట్టమన్నప్పుడు, అన్నదమ్ముల ఆస్తి పంపకాల్లో, కట్నం మాట వచ్చినప్పుడు నువ్వు ఏం చేశావో చూసుకో. పెళ్ళి సంబంధంలో కులం అడిగే విశ్వాసి ఎంత బాగా పాడినా నాకు భయమే.

ఇంకో సంగతి. బాప్తిస్మంతో పని అయిపోతుందని ఆ పెద్దలు అనుకోలేదు. 1872లోనే రామాయపట్నంలో బోధకుల చదువు కోసం సెమినరీ మొదలుపెట్టారు. కాబట్టి నువ్వూ చదువు. రోజుకో అధ్యాయం చాలు, కానీ మానకు. కూడికకు రావడం మానేసిన ముసలివాళ్ళు మీ సంఘంలో ఎవరున్నారో మీ పాస్టరుగారిని అడుగు. వారానికి ఒకరింటికి వెళ్ళి కూర్చో, మందులు కావాలంటే తెచ్చిపెట్టు. ఆ సంగతి కూడికలో చెప్పకు. సంక్రాంతి సెలవులకు ఊరొచ్చినప్పుడు ఆ ఇళ్ళ కబుర్లు నాకు చెప్పు, కలిసి ప్రార్థన చేసుకుందాం.

ప్రభువు ప్రేమలో,
మీ పెదనాన్న