కోరంగి నుండి గుల్టి వరకు



చెన్నైలో, బెంగుళూరులో చదువుకొంటున్న మన యౌవనస్థులు సెలవులకు కొడల వచ్చినప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంటారు. "తోటి విద్యార్థులు మమ్మల్ని గుల్టి అంటారు. నవ్వి ఊరుకోవాలా, వద్దనాలా?" తెలుగు అనే మాటను వెనుకనుండి చదివితే గు-లు-తె. అదే నలిగి గుల్టి అయిందని చెబుతారు. వినడానికి పిల్లల ఆటలాగానే ఉంది. అయితే ఇటువంటి పేర్లు మనవారికి కొత్త కాదు గనుక, ముందుగా పాతదొకటి చూద్దాము.

గోదావరి సముద్రములో కలిసే చోట, యానాముకు దగ్గరలో, కోరంగి అనే ఊరు ఉంది. ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు అది. అక్కడినుండి బర్మా వెళ్ళినవారిని ఆ దేశములో కోరంగీలు అన్నారు. ఫలానా ఊరివాడు అనడమే గదా, అందులో తప్పేమీ లేదు. 1839 నవంబరులో వచ్చిన తుఫాను, ఉప్పెన ఆ రేవును నాశనం చేశాయి. రేవు పోయినా పేరు పోలేదు. తరువాత కాకినాడ, విశాఖపట్నం, మన గోపాలపూర్ రేవులలో ఓడ ఎక్కినవారు కూడా రంగూనులో దిగగానే కోరంగీలే అయ్యారు. కోరంగి ఎటువైపు ఉందో ఎరుగని గంజాం మనిషికి కోరంగి పేరు! రేవులో బస్తాలు మోసేవారు, రిక్షా లాగేవారు ఎక్కువగా మనవారే గనుక, ఆ మాటలోనుండి ఊరు జారిపోయి కూలివాడు అనే అర్థము మిగిలింది.

1930 మే నెలలో ఆ రేవు కూలీలు సమ్మె చేశారు. యజమానులు బర్మావారిని పనిలో పెట్టుకొని, సమ్మె తీరగానే వారిని తీసివేశారు. ఆ కోపము యజమానుల మీదికి పోక మనవారి మీదికి మళ్ళింది. అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. పేరే చంపిందని నేననను, అది కూటికోసం వచ్చిన తగవు. అయినా ఎదుటి మనిషి ఎవరి తండ్రో, ఎవరి అన్నో తలచుకోకుండా 'కోరంగి' అని ఒక్క మాటలో తేల్చివేయగలిగినప్పుడు కర్ర ఎత్తడం సులువవుతుంది.

కాబట్టి "మాట పుట్టుక మంచిదే, ఎందుకు బాధ?" అనే వాదన నాకు రుచించదు. మలయా దేశములోని కెలింగ్ అనే మాట మన కళింగము నుండి వచ్చిందని పండితులు చెబుతారు. పినాంగులో కపితాన్ కెలింగ్ మసీదు ఆ పేరుతోనే గౌరవంగా నిలిచి ఉంది. అదే మాటతో అక్కడి భారతీయుని పిలిస్తే ఈనాడు తిట్టు. అంత దూరమెందుకు, కటకములో తెలెంగా బజారుకు పోవాలని రిక్షావానితో చెప్పేటప్పుడు మనకు నొప్పి లేదు. "ఏయ్ తెలెంగా" అని వెనుకనుండి ఎవరైనా కేక వేస్తే అప్పుడు తెలుస్తుంది. మాట ఎక్కడ పుట్టిందో పండితులు చెప్పగలరు. ఇప్పుడది ఏమి చేస్తున్నదో విన్న మనిషినే అడగాలి.

విన్నవారు దానిని స్వంతం చేసుకోవడమూ ఉంది. బాప్టిస్టు అనే పేరు 17వ శతాబ్దపు ఇంగ్లండులో వ్యతిరేకులు తగిలించినదే. ఇప్పుడు మనమే దానిని పత్రిక మీద అచ్చు వేసుకొంటున్నాము. గుల్టి అనే మాటను కూడా కొందరు మన పిల్లలు తమలో తాము సరదాగా వాడుకొంటారు. అది వారి ఇష్టము. అంతమాత్రాన ప్రక్కగది కుర్రవానికి ఆ హక్కు ఇచ్చినట్లు కాదు. బాధ కలిగితే ఒక్కసారి మెల్లగా వద్దని చెప్పండి. స్నేహితుడైతే మానుకొంటాడు. చెప్పిన తరువాత కూడా అంటే తెలియక అన్నాడని ఇక అనుకోనక్కరలేదు.

ఇక పెద్దలతో ఒక సంగతి. 1936లో గంజాం ఒరిస్సాలో చేరకముందునుండీ మనమూ ఒడియావారూ ఒకే సంతలో ఉప్పు కొంటున్నాము. మన ఇండ్లలో వారిని ఏ మాటతో అంటామో ఇక్కడ వ్రాయను, చదివేవారికి తెలుసు. కొండలనుండి దిగివచ్చేవారికి పెట్టిన మాట అంతకంటె మొరటు. మా అబ్బాయిని గుల్టి అన్నారని కన్నీళ్ళు పెట్టుకొన్న ఇంటిలోనే, కూరలు అమ్మవచ్చిన మనిషిని ఆ మాటతో గుమ్మములోకి పిలవడం నేను విన్నాను.