తెరగుడ్డ ధర్మము

పాతవస్తువును భద్రపరచుట ధర్మమా, మమకారమా యను ప్రశ్న గృహస్థులకు తరచుగా ఎదురగుచుండును. తండ్రి కూర్చున్న పీట, తల్లి మోసిన బిందె, తాతగారి తాళపత్రములు మొదలగువానిని దాచుకొనుట కృతజ్ఞత యని కొందరు, బంధమని కొందరు చెప్పుదురు. రెండు మాటలును సత్యములే. ఏది యెచ్చట సత్యమో తెలిసికొనుటయే కష్టము. ఈ విచారమునకు పాత రేడియో ముఖమున బిగించిన గుడ్డ ఒక చక్కని ఉదాహరణము.

ట్రాన్సిస్టరులు ఇంటింటికి రాకపూర్వము మర్ఫీ, ఫిలిప్స్ మొదలగు పేరులు గల వాల్వు రేడియోలు కొయ్యపెట్టెలలో వచ్చుచుండెను. 1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో కేంద్రము ప్రారంభమైన పిదప తెలుగు లోగిళ్లలో వీనికి గౌరవస్థానము లభించెను. ప్రాతఃకాలమున భక్తిరంజని వినుట అనేకులకు నిత్యవిధి యయ్యెను. 1963లో శ్రీమతి ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి కంఠమున శ్రీ వేంకటేశ్వర సుప్రభాతము గ్రామఫోను రికార్డుగా వెలువడిన తరువాత, కొండ యెక్కజాలని వృద్ధులు ఇంటనే కూర్చుండి వినగలిగిరి. అందుచేతనే పెక్కు యిండ్లలో రేడియో పూజామందిరము ప్రక్కనే యుండెడిది.

ఆ పెట్టె లోపల స్పీకరులోని కాగితపు శంకువు కంపించి గాలిని కదల్చును. ఆ కదలికయే ధ్వని. శంకువునకు ముందు వదులుగా నేసిన గుడ్డను పలకపై బిగింతురు. దుమ్మును, పురుగులను లోనికి పోనీయకుండుట దాని మొదటి ధర్మము. ధ్వనిని వెలికి పోనిచ్చుట రెండవ ధర్మము. ఒకదానిని అడ్డగించుచు మరొకదానికి దారి యీయవలెను.

తీరప్రాంతమున ఒక గృహస్థుని యింట ఇట్టి రేడియో యొకటి యుండెను. దానిని కొన్న తండ్రి పరమపదించి చాలకాలమైనది. ఆయన ప్రతిదినము దాని ముందు అగరువత్తులు వెలిగించి సుప్రభాతము వినెడివారు. సాంబ్రాణి పొగ, వంటయింటి పొగ, వీధి ధూళి చేరి గుడ్డ నల్లబడెను. ఒక మూల చిమ్మట కొట్టెను. ధ్వనియు మందగించెను. కుమారుడు దానిని తీసివేసి జరీగుడ్డ వేయింప దలచెను. వృద్ధురాలైన తల్లి సమ్మతింపలేదు. "ఆ నలుపు మీ నాయనగారు వెలిగించిన వత్తులదిరా. అది కడిగివేసినచో ఆయన గురుతు ఏమి మిగులును?" అని ఆమె కంట నీరు పెట్టుకొనెను.

ఇచ్చట రెండు మమకారములు కలవు. ఒకటి క్రొత్తదనముపై, మరొకటి మాలిన్యముపై. మొదటిది లోకమునకు తెలిసినదే. రెండవది భక్తివేషమున వచ్చును గనుక పోల్చుకొనుట కష్టము.

చివరకు రేడియోలు బాగుచేయు ముదుసలి యొకడు పిలువబడెను. అతడు విద్యుత్తీగను ఊడదీసి, వెంటనే చేయి పెట్టక కొంతసేపు ఆగెను. వాల్వు రేడియోలో రెండువందల వోల్టులకు మించిన విద్యుత్తు ఉండవచ్చును. తీగ ఊడదీసిన తరువాత కూడ కెపాసిటరులలో అది నిలిచియుండగలదు. పని తెలియనివారు అందు చేయి పెట్టరాదు. అతడు కెపాసిటరులలో విద్యుత్తు లేదని నిర్ధారించుకొని, ముందరి మరలను లాగి, అడుగు మేకులు విప్పి, యంత్రమును, స్పీకరును వెలికి తీసి, గుడ్డతోకూడిన పలకను తల్లి ముందుంచెను.

పలక వెనుకకు మడిచిన గుడ్డ అంచు పొగ సోకక మీగడ వన్నెలో ఉండెను. నడుమ బంగారు పోగులు మెరయుచుండెను. "అమ్మగారూ, అయ్యగారు కొన్ననాడు చూచిన వన్నె యిది. నలుపు తరువాత వచ్చినది. ఆ నలుపే వారు వినిన గొంతును మూసివేయుచున్నది" అని అతడు చెప్పెను. ఆమె ఆ అంచును వ్రేలితో తాకి, చాలసేపు మాటాడలేదు. పిదప, "ఆయన చూచిన వన్నెనే నాకును చూపుము, నాయనా" అనెను.

కుమారుడు తెచ్చిన జరీగుడ్డను ముదుసలి అతని నోటికి అడ్డముగా పట్టి ఊదుమనెను. ఊపిరి అవతలికి పోలేదు. "బాబూ, మీ ఊపిరియే పోనిచో, పాట యెట్లు పోవును?" అని అతడు నవ్వెను. దట్టమైన గుడ్డ ముఖ్యముగా సన్నని పై స్వరములను మ్రింగివేయును. ముఖమునకు శోభ వచ్చును గాని గొంతు మందగించును.

తరువాత అతడు మెత్తని కుంచెతో పొడిధూళిని దులిపెను. తడిపిన తెల్లగుడ్డను ఒక అంచున అద్ది రంగు దిగుటలేదని చూచుకొనెను. జిగురును కొద్దిగా నానబెట్టి గుడ్డను మెల్లగా విడదీసి, గోరువెచ్చని కుంకుడు నీటిలో ఉంచెను. రుద్దలేదు, పిండలేదు. నీరు కషాయమువలె దిగెను. పలుమారులు నీరు మార్చి, నీడలో పరచి ఆరబెట్టెను. మడతలోని పోగులనే తీసి చిమ్మట కొట్టిన చోటును రఫూ చేసెను. దీపపు నూనె మరక యొకటి మాత్రము పోలేదు. గట్టిగా రుద్దినచో పోగులు తెగునని దానిని అట్లే విడిచెను. పలక అంచులకు మాత్రమే పలుచగా జిగురు పూసి, నాలుగు వైపుల నడుములను ముందు అతికి, అచ్చటినుండి మూలలకు సవరించుచు, పోగులు వంకర పోకుండ బిగించెను. మిక్కిలి లాగినచో నేత చెదరును. వదిలినచో గుడ్డ అదరును.

తిరుమలలో ఉగాది, ఆణివార ఆస్థానము, బ్రహ్మోత్సవములు, వైకుంఠ ఏకాదశి అను నాలుగు సందర్భములకు ముందు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరుగుటను యాత్రికు లెరుగుదురు. ఆలయపు గోడలను, పైకప్పును, పూజాసామగ్రిని శుద్ధి చేసి పరిమళద్రవ్యము పూయుదురు. అచ్చట చేరిన దీపధూపముల మసి ఆరాధనవలన వచ్చినదే. అయినను దానిని నిలుపుకొనుట భక్తి యని ఎవరును తలంపరు. సేవవలన చేరిన మాలిన్యమును తొలగించుటయు సేవయే.

అట్లని పాతదానినెల్ల పట్టుకొని వ్రేలాడుమని అర్థము కాదు. జీర్ణవస్త్రమును విడుచుట సహజమని భగవద్గీత యందలి ఉపమానమే చెప్పుచున్నది. ఆ గుడ్డ నీట వేయగానే పోగులై విడిపోయియుండిన, సన్నని క్రొత్తగుడ్డ వేయుటయే ధర్మమగును. గుడ్డ పాతదా, క్రొత్తదా యనునది ఇచ్చట నిర్ణాయకము కాదు. దాని వెనుకనున్న గొంతు వెలికి వచ్చుచున్నదా, లేదా యనునదే విచారింపదగినది. ధ్వనిని మరచి గుడ్డను పూజించుట మమకారము. ధ్వని కొరకు గుడ్డను కాపాడుట ధర్మము.

గృహస్థుని ఆచారములు, అలంకారములు, పెద్దల జ్ఞాపకములు ఇట్టి తెరగుడ్డలే. అవి లేనిచో లోపలిది ధూళిపాలగును. దట్టమైనచో లోపలిది వినబడదు. వానిని అప్పుడప్పుడు విప్పి చూచుకొనుట, కడుగదగినదానిని కడుగుట, పోని మరకను ఓర్చుకొనుట పెద్దలకు మనము చేయదగిన సేవ.

ఆ యింట మరునాటి ఉదయము రేడియో పలికినప్పుడు తల్లి దాని ముందు యథాప్రకారముగా అగరువత్తి వెలిగించెను. అయితే ఈసారి వత్తుల గుత్తిని గుడ్డకు మూరెడు దూరమున ఉంచెను.