మారువేషపు మందు

మన మెదడు వాకిట గట్టి కావలి యొకటి కలదు. 1885లో పాల్ ఎర్లిక్ అను జర్మను పండితుడు జంతువుల నెత్తుటిలోనికి రంగు నెక్కించి చూడగా తక్కిన యవయవములకు రంగు పట్టినది. మెదడునకు మాత్రము పట్టలేదు. ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ 1913లో మెదడు చుట్టునుండు ద్రవములోనికి రంగు నెక్కింపగా మెదడునకు పట్టినది, తక్కిన దేహమునకు పట్టలేదు. నడుమ గోడ యున్నదని తేలినది. మెదడులోని సన్నని రక్తనాళముల కణములు సందులేకుండ కుట్టినట్లు అతుకుకొని యుండుటయే యా గోడ. అది చక్కెరకు దారి యిచ్చును. విషములతోపాటు మందులలో పెక్కింటిని త్రోసిపుచ్చును.

కంపవాతమున, అనగా పార్కిన్సన్ వ్యాధియందు, కొఱవడు డోపమైన్‌ను నెత్తుటిలో నెక్కించినను గోడ దాటదు. దాని పూర్వరూపమగు లీవోడోపా మాత్రము ఆహారసారములు పోవు త్రోవనే లోపలికి జొచ్చి యచ్చట డోపమైన్‌గా మాఱును. 1937లో దామోదరన్, రామస్వామి యను మన దేశపు శాస్త్రజ్ఞులు ఈ పదార్థమునే దూలగొండి గింజలనుండి వేఱుచేసిరి. (ముట్టినవారిని గోకించి చంపు తీగలో నిట్టి మేలున్నదని యెవరనుకొందురు!)

నేటి నానోకణముల యుపాయమును ఇట్టిదే. మీటరులో నూఱుకోట్లవ వంతు నానోమీటరు. అట్టివి వందకు మించని కొవ్వుపొట్లములో మందు నిమిడ్చి, పైన ఇనుమును మోయు ట్రాన్స్‌ఫెరిన్ వంటి ప్రోటీనును తొడిగినచో, కావలి తనవాడే వచ్చెనని తలుపు తీయునని యాశ. హనుమంతుడు సూక్ష్మరూపమున లంక జొచ్చునప్పుడు లంకిణి పట్టుకొన్నది గదా; ఈ పొట్లములను పట్టు లంకిణి కాలేయము. 2018లో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్ వంశపారంపర్యమగు నొక నరముల క్షీణవ్యాధికి కొవ్వుపొట్లములలో నిచ్చు మందే. కాని యా వ్యాధికి మూలమగు ప్రోటీను ముఖ్యముగా పుట్టునది కాలేయమునందే కనుక మందు అచ్చటికి పోయిన చాలును. మెదడు గోడ దాటి మఱపువ్యాధిని మాన్పవలసిన పొట్లములు ఇంకను పరిశోధనదశలోనే యున్నవి.

కణజాలమునకు మనస్సు లేదు. దానిని వంచించితిమనుట అలంకారమే కాని పాపము కాదు. అయితే ఆ మెదడు ఎవరిదో వారి మాట యేమి? మఱపు ముదిరిన పెద్దలకు పెరుగన్నములో మాత్ర మెదిపి పెట్టు ఇండ్లు కలవు. మందు మానిన ప్రాణాపాయ మగునెడల, చెప్పి చూచి, మరల చెప్పి చూచి, వైద్యుని సమ్మతితో నట్లు చేయువారిని నేను దూషింపను. పగలు రాత్రి కాచుకొని యుండు కోడలి కష్టము బయటనుండి నీతులు చెప్పువారికి తెలియదు. కాని బ్రతిమాలుటకు ఓపిక లేక చేయు వంచన వేఱు. నేడేవారమో మఱచినవారికి చేదు తెలియును, భయము తెలియును, వలదనుట తెలియును.

ఇక క్రొత్త మందును పరీక్షింపబూనినపుడు చిక్కు మఱింత పెద్దది. రోగి స్వేచ్ఛతో నొప్పుకొనవలెనని 1947నాటి న్యూరెంబర్గు నియమావళి శాసించినది. ఒప్పుకొను శక్తియే నశించినవారి పక్షమున చట్టసమ్మతుడైన ప్రతినిధి సంతకము చేయవచ్చునని 1964 హెల్సింకి ప్రకటన యనుమతించినది. మన యిండ్లలో నా ప్రతినిధి తఱచుగా కుమారుడు. ఆ తల్లి తెలివి చెక్కుచెదరని దినములలో నామె నడిగినవారెవరు? పెండ్లినా డడుగలేదు; పొలము అమ్మిననా డడుగలేదు. “ఆమెకేమి తెలియును” అను మాట రోగముకంటె ముందే యింట పుట్టినది. ఇప్పుడు వైద్యుడు వచ్చి, “మీ తల్లి యిష్టమేమై యుండును?” అని యడిగినచో ఎన్నడును వినని కుమారుడు ఏమని చెప్పగలడు?

వ్యాధి యొక్కనాడే మీద పడునది కాదు. మాటలు తడబడుచున్నను మనసు నిలిచియుండు మాసములు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు, ఉండును. తనకెట్టి చికిత్స కావలెనో, ఏది వలదో, తన పక్షమున నెవరు మాటాడవలెనో ముందుగా వ్రాసి యుంచుకొనుటకు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము వీలు కల్పించినది. ఆ మాసములలో వీలునామాకై తొందరపడి వ్రాయసకానిని పిలిపించు కుటుంబములు లేకపోలేదు. వ్రాయసకాడు కలము మూయకమునుపే ఆ తల్లి యెదుట కూర్చుండి, ఆమె చెప్పినది చెప్పినట్లు ఇంకొక కాగితముమీద వ్రాయించుటకు అరగంట పట్టును.