రేవు ఋణము

కృష్ణానది పులిగడ్డయొద్ద రెండు పాయలుగా చీలి దివిసీమను దీవిగా జేసిన సంగతి మన చదువరు లెఱిగినదే. చుట్టును నీరు గల సీమకు పడవయు బల్లకట్టును వేడుక వస్తువులు గావు. సంతకు, కచ్చేరికి, వైద్యశాలకు, పురిటికి వచ్చు ఆడుబిడ్డను పుట్టింటికి దెచ్చుకొనుటకు అవియే త్రోవ. అవనిగడ్డవారు ఆవలియొడ్డుననున్న రేపల్లెకు బోవలెనన్నచో పెనుమూడి రేవున నది దాటుటయో, బెజవాడ చుట్టి నూఱు కిలోమీటర్లకు మించిన దారి నడచుటయో తప్ప మూడవ యుపాయము చిరకాలము లేకుండెను. ఈ శతాబ్దపు మొదటి దశాబ్దములో పులిగడ్డకును పెనుమూడికిని నడుమ వారధి వెలసినది. నేడు 216వ సంఖ్య గల జాతీయ రహదారి బందరునుండి వచ్చి, ఆ వారధి దాటి, రేపల్లె, బాపట్ల, చీరాలల మీదుగా ఒంగోలునకు సాగిపోవుచున్నది. గంటలకొలది రేవున నిలిచి పడవకై కనిపెట్టుకొని యుండినవారు నిమిషములలో దాటుచున్నారు.

ఇందులకు విచారించు రసికులు కొందఱు లేకపోలేదు. తెరచాప యందము పోయెననియు, సరంగుపాట వినరాకున్నదనియు వారి వగపు. ఆ వగపును మేము పాటింపజాలము. నడిరాత్రి నొప్పులు పడుచున్న స్త్రీని మంచముతోగూడ రేవునకు మోసికొనివచ్చి, ఆవలియొడ్డున నున్న పడవను కేకవేసి పిలిచిన ఇంటివారి నడుగుడు, తెరచాప యందమెంతయో చెప్పుదురు. 1977 నవంబరు 19వ తేదీని ఉప్పెన వచ్చి దివిసీమలో వేలకొలది ప్రాణములను బలిగొన్నది. అట్టి సీమకు ఒక్క గట్టి బాట యధికముగా నుండుట యెంతటి భాగ్యమో వేఱుగ జెప్పనక్కఱలేదు. కావున వారధి మంచిదా కాదా యనునది ప్రశ్నయే కాదు. వారధి వచ్చినపిమ్మట రేవునకు మన మేమైన ఋణపడి యుందుమా యనునదే ప్రశ్న.

మొదట రేవులు నడచిన తీరు చూతము. చెన్నపట్నపు ప్రభుత్వము 1890లో కాలువలను, ప్రజల రేవులను గూర్చి యొక చట్టము చేసినది. రేవుల రాబడి స్థానిక నిధులకు జేరుచుండెను. బోర్డులు పోయి పరిషత్తులు వచ్చినను పద్ధతి యదియే. రేవును వేలము వేయుదురు. ఎక్కువ పాట పాడినవాడు గడువువఱకు దాని నేలుకొనును. కేవు వసూలు చేసికొని, పాట సొమ్ము చెల్లించి, మిగిలినది తాను దీసికొనును. ఈ యేర్పాటులో ఒక సుగుణము గలదు, అధికారులకు శ్రమ లేదు. దోషములు మాత్రము పెక్కు. పాటదారునకు రేవు ఒక యేడాది పంట. పడవకు క్రొత్త పలక వేయించినచో దాని ఫలము వచ్చు యేటి పాటదారునకు బోవును. పదిమంది యెక్కవలసినచోట ఇరువది మంది నెక్కించిన లాభము మాత్రము నేడే చేతికందును. అన్నిటికన్న ముఖ్యమైన మాట యొకటి గలదు. ఈ కేవు కట్టినవారెవరు? పాల కుండలవారు, చేపల గంపలవారు, కూలికి పోవువారు, పరీక్షలకు బోవు విద్యార్థులు. వారు దాటినప్పుడెల్ల కట్టిన కాసులు స్థానిక నిధిలో జేరి, ఎన్నడును నది దాటనక్కఱలేని యూళ్ళవారి బాటలకు గూడ నుపయోగపడినవి. రేవు సంస్థకు భారము గాదు, కామధేనువు. నదికి ఆవల బుట్టుటయే కారణముగా ఆ బీదలు తరతరములుగా నొక పన్ను గట్టిరన్నమాట.

అట్టి రేవునకు పోటీగా వారధి రాగానే సంస్థలవారు చెప్పు మాట యిది: “పాట రాలేదు, కావున రేవు మూసితిమి.” గట్టిపోయిన ఆవును బీటికి దోలివేసిన రైతును మనము మెచ్చుకొనుచున్నామా?

ధర్మశాస్త్రమున కీ విషయము క్రొత్త గాదు. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయములో బండికింత, బరువు మోయువానికింత, పశువునకింత, వట్టిచేతుల మనుష్యునకింత యని కేవు నిర్ణయింపబడియున్నది. రెండు నెలలు దాటిన గర్భిణికి కేవు లేదు. సన్న్యాసికిని, వానప్రస్థునకును లేదు. ఆ జాబితాలో బ్రాహ్మణులు గూడ నుండుట ఆనాటి శాస్త్రకర్తల స్వపక్షపాతమని మేము వేఱుగ జెప్పవలసిన పని లేదు. పడవవారి తప్పువలన వస్తువు నష్టమైనచో వారందఱును గలసి యిచ్చుకొనవలెనట. దైవికముగా నైనచో దండము లేదట. దాటువాని హక్కును, దాటించువాని బాధ్యతను ఇంత వివరముగా దలచిన శాస్త్రమునకు దాటించువాని వృత్తియే పోయినప్పు డేమిచేయవలెనో తట్టలేదు. గంగకు వారధి పడునని వారెట్లు తలంతురు?

తట్టినవారు పడమటి దేశములందున్నారు. కాని వారు చేసిన న్యాయము చిత్రముగా నున్నది. లండనులో వెస్టుమినిస్టరు వారధి 1750లో దెఱవబడినప్పుడు, దాపుననున్న గుఱ్ఱపు బల్లకట్టు రాబడిని గోల్పోయిన కాంటర్బరీ మఠాధిపతికి నష్టపరిహార మిచ్చిరి. అమెరికాలోని బోస్టను నగరపు కథ యింకను బోధకము. అచ్చట చార్లెసు నదిపై రేవు రాబడిని 1640లో హార్వర్డు విద్యాలయమునకు వ్రాసియిచ్చిరి. 1785లో ఒక కంపెనీవారికి వారధి కట్టుకొన సెలవిచ్చినప్పుడు, విద్యాలయమునకు ఏటేట రెండువందల పౌను లిచ్చుకొనవలెనని నియమించిరి. ఆ వారధి సుంకముతో కంపెనీవారు పుష్కలముగా నార్జించిరి. 1828లో దాని ప్రక్కనే మఱియొక వారధికి సెలవు దొరకెను. కట్టిన సొమ్ము రాబట్టుకొన్న తరువాత అది సుంకము లేని వారధి కావలెను. పాత కంపెనీవారు తమ హక్కు భంగమైనదని వ్యాజ్యెము వేసిరి. 1837లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము, ప్రజలిచ్చిన సెలవులో స్పష్టముగా వ్రాయని గుత్తహక్కును ఊహించి చదువరాదని తీర్పు చెప్పి, క్రొత్త వారధి పక్షమే వహించెను.

ఆ తీర్పు మాకు సమ్మతమే. నది యెవని గుత్తసొమ్మును గాదు. మేలైన బాటను పాతబాట లాభముకొఱకు ఆపరాదు. పాటదారునకు గడువులో మిగిలిన దినముల పాట సొమ్ము తిరిగి యిచ్చినచో అతనితో లెక్క తీఱినట్లే. కాని యీ చరిత్రలో మఠాధిపతి లెక్కకు వచ్చెను, విద్యాలయము వచ్చెను, కంపెనీ వచ్చెను. ఇట్టి లెక్కలలో రేవు రాబడి గలవాడే ముందు వచ్చును. రేవే దిక్కైన బాటసారి పేరు తుదకైనను రాదు.

ఈ సందర్భమున బుద్ధుడు చెప్పిన తెప్ప దృష్టాంతము జ్ఞప్తికి వచ్చుచున్నది. కృష్ణకు ఈవల ఘంటసాలలోను ఆవల భట్టిప్రోలులోను స్తూపములున్న యీ సీమలో ఆ కథ ఒకప్పుడు ఎందఱో వినియుందురు. ఒకడు గడ్డి గాదములతో తెప్ప గట్టుకొని వఱద దాటెను. దాటిన పిమ్మట, ఇది నాకు మేలు చేసినదని దానిని నెత్తిన బెట్టుకొని పోవుట తగునా? తగదు, ఒడ్డున విడిచి పోవలెను. ధర్మమును సైతము పట్టుకొని వ్రేలాడుటకు గాక దాటుటకే వాడవలెనని భావము. రేవులను మూయువారికి ఈ కథ మిక్కిలి యనుకూలముగా గనబడును. కాని యా కథలోని తెప్పను దాటువాడే కట్టుకొన్నాడు. దాని నడుపుటకు వేఱొక మనుష్యుడు లేడు. వెనుకటి యొడ్డున మఱియెవ్వరును నిలిచియుండలేదు. ఒక్కడు దాటినప్పుడు తెప్ప విడుచుట వైరాగ్యము. ఊరంతయు దాటవలసినచోట, ముందు దాటినవారు తెప్ప నీట వదలివేసి వైరాగ్యము నుపదేశించినచో దానికి వేఱు పేరు పెట్టవలసియుండును.

వారధి అందఱను దాటింపదా యని యడుగవచ్చును. అది దాని చెంతకు జేరినవారినే దాటించును. పాత రేవులు ఊరి మొగమున నుండెను; వారధి ఇంజనీరునకు అనువైనచోట నుండును. బండి గలవానికి ఈ దూరము లెక్కలోనిది గాదు. గంప నెత్తిన బెట్టుకొన్న స్త్రీకి మండుటెండలో వారధి పొడవే యొక ప్రయాణము. బస్సు ఆ యూరి మలుపున నిలిచినచో ఆమె కష్టము తీఱును, రేవుతో పని లేదు, నిలువనిచో తీఱదు. అందుచేత మేము కోరునది రేవులన్నింటిని శాశ్వతముగా నిలిపియుంచవలెనని కాదు. ఖాళీ పడవను ప్రజాధనముతో అటునిటు ద్రిప్పుట వృథావ్యయమే. తుది పడవ నాపుటకుముందు తుది బాటసారి యెట్లు దాటునో కనుగొని, ఆ యేర్పాటు చేసిన తరువాత ఆపుడని మాత్రమే మా మనవి. బస్సు వచ్చునంతవఱకు పడవ నష్టమునకైనను నడువవలెను. ఆ నష్టము, ఇన్నేండ్లు ఆ బాటసారి కట్టిన కేవులో నుండి తిరిగి యిచ్చుచున్న చిల్లరయే గాని ధర్మము గాదు.

పడవవారి మాట క్లుప్తముగా జెప్పెదము. వేటకు బోగలవారు సముద్రమున్నదని పోయిరి. వయసు మీఱినవారు పోలేరు. కోట్లు వెచ్చించి వారధి కట్టునప్పుడు ఆ అంచనాలో వీరి కొక్క పంక్తి వ్రాయుట ఖజానాను ముంచదు.

కట్టిన వారధికన్న కట్టబోవు వారధి రేవునకు ప్రమాదకరమైనది. ఈ విషయము నెవ్వరును పట్టించుకొనకున్నారు. శంకుస్థాపన జరిగినది మొదలు రేవు మీద చిన్నచూపు పడును. ఎటులైన వారధి వచ్చుచున్నదిగదా, పడవకు మరమ్మతు లెందులకు? మెట్లు కట్టుట యెందులకు? ఇట్లు మాట వినబడిన దినమునుండి వారధి తెఱచు దినమువఱకు గడచు నేండ్లలో జనులు మునుపటికన్న పాడైన పడవలలో దాటుదురు. రాబోవు మేలు ఉన్న మేలును దినివేయుట యిదియే.

నాగాయలంక దిగువన ఎదురుమొండి దీవివారి స్థితి యిట్టిది. ఏటిమొగనుండి ఆ దీవికి వారధి కావలెనను మాట యేండ్లతరబడి వినబడుచునే యున్నది. ఆ యేండ్లన్నియు దీవిజనులు నీటిమీదనే దాటవలసివచ్చినది. వారధి సిద్ధమగువఱకు అట్టి రేవును వేలము వేయుట మాని, పాట సొమ్ము పుచ్చుకొనుటకు మాఱుగా నడుపువానికే సొమ్మిచ్చి, ఎక్కదగిన జనసంఖ్యను పడవమీద వ్రాయించి, రాత్రి పూట ఒక పడవయు ఒక సరంగును ఈవలియొడ్డున గాక దీవి యొడ్డుననే ఉండునట్లు కట్టడి చేయవలెను. పిలుపు వచ్చునది ఆ యొడ్డునుండియే గదా.